చక్రం కనబడే దర్వాజ

గోదావరిఖని,
12 ఏప్రిల్ 1974

ప్రియమైన ల్యాంపు రూము దొరగారికి,

సుగుణమణి వందనాలు. నేను క్షేమం. కాలు నొప్పి తగ్గిందని రాశారు. ఏ కాలో రాయలేదు గానీ, రెండేళ్ల కింద బొగ్గు బాయిలో పైకప్పు కూలినప్పుడు నలిగిన ఎడమ కాలేనని అర్థం చేసుకున్నాను. ఇప్పుడు కిందికి దిగే బాధ తప్పింది, పైన కూర్చుని దిగేవాళ్లకు దీపాలు అందించే పని దొరికింది. ఆ కాలిని ఇంకనైనా సుఖపడనివ్వండి. ఈ కొత్తగూడెం బదిలీ వల్ల మనకు జరిగిన మేలు అదొక్కటే.

ఇక ఇంటి సంగతి. అమ్మకానికి పెట్టేముందు బాగు చేయించాలనుకున్నాం కదా, పని మొదలుపెట్టించాను. బుచ్చన్న మేస్త్రీకి గుత్తకిచ్చాను. రోజు కూలికి పెట్టమని మీరన్నారు. రోజు కూలికి పెడితే బీడీలు తాగడానికే వాళ్లకు పొద్దు చాలదు. పెంకు దించి మళ్లీ కప్పడం, గోడలకు గిలాబు, నేలకు గచ్చు, అన్నీ ఆయన మీదనే.

సిమెంటు మాత్రం నా చేతిలో ఉంచుకున్నాను. దాని పర్మిటు కోసం తాలూకా ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి చెప్పులు అరిగాయి. అక్కడి గుమాస్తా నన్ను ఎగాదిగా చూసి, "మీ ఇంట్ల మగోళ్లు లేరామ్మా?" అన్నాడు. "ఉన్నరు. కొత్తగూడెంల దీపాలు పంచుతున్నరు. ఈడ సిమెంటు పంచేది మీరు గదా, మీ పని మీరు చెయ్యుండ్రి" అన్నాను. ఆ రోజే రాసిచ్చాడు. బస్తాలు మన పడకగదిలో పెట్టించాను. ఖాళీ సంచి తెచ్చి నా ముందు వేస్తేనే నిండు బస్తా ఇస్తున్నాను. దిగేవాడు తన నంబరు బిళ్ళ ఇస్తేనే దీపం ఇచ్చే మీ పద్ధతే ఇది. బుచ్చన్నకు ఇది బొత్తిగా నచ్చలేదు.

చిక్కు ఒక్కటే, దర్వాజ. ఇండ్లు అమ్మిపెట్టే ముత్యం వచ్చి చూసి, "ఇల్లు మంచిగున్నది అక్క, గాని దక్షిణం దర్వాజ. యమస్థానం అంటరు. ఎవరు కొంటరు చెప్పు" అన్నాడు. మనం క్రైస్తవులం, మనకు ఆ పట్టింపు లేదు. కొనేవాళ్లకు ఉంది. పన్నెండేళ్ల కింద ఈ జాగలో మీరు కట్టెతో గీత గీస్తూ, "దర్వాజ ఎటు పెడ్దాం?" అని అడిగారు. "ఎటు పెడితే బాయి మీది చక్రం కనబడ్తదో అటు" అన్నాను. మన వరుసలో ప్రతి ఆడమనిషీ అదే మాట అన్నది. బొగ్గునూ మనుషులనూ పైకి లాగే ఆ చక్రం వేగంగా తిరిగితే బొగ్గు వస్తున్నట్టు, నెమ్మదిగా తిరిగితే మనుషులు వస్తున్నట్టు. వేళ కాని వేళ ఆగితే పొయ్యి మీదిది పొయ్యి మీదనే వదిలి ఉరకాలి. అందుకే అందరి దర్వాజలూ బాయి వైపుకే ఉన్నాయి. బాయి దక్షిణాన ఉండడం మన తప్పా?

అయినా సరే, దాన్ని మూసేసి తూర్పున సందులోకి కొత్త దర్వాజ పెడదామని తీర్మానించాను. మీరిప్పుడు పైనే ఉన్నారు, నాకా చక్రంతో పనేముంది. సందు పంచాయతీది కాబట్టి పర్మిషన్‌కు దరఖాస్తు పెట్టాను. మన వెనకింటి లింగమూర్తి వార్డు మెంబరు కదా, "నేను చూసుకుంట చెల్లె" అన్నాడు. దసరా లోపల ఇల్లు అమ్మి వచ్చేస్తాను. తాళం వేసి రమ్మంటారేమో. ఈ బస్తీలో తాళం వేసిన ఇంట్లో మర్నాడే ఎవరో ఒకరు పొయ్యి పెడతారు.

మీరు పంచే దీపాలన్నీ క్షేమంగా తిరిగి రావాలని ప్రార్థిస్తూ,
మీ సుగుణమణి

*

కొత్తగూడెం,
3 మే 1974

ప్రియమైన సుగుణకు,

సామ్యేల్ దీవెనలు. నీ ఉత్తరం ఆగయ్యకు కూడా చదివి వినిపించాను. నాతో గదిలో ఉండే మందమర్రి పిల్లవాడు అతనే, వంట కూడా అతనిదే. "వదినె ఈడికొస్తే మన మేనేజరు పని కూడ ఆమెనే చేస్తది" అని నవ్వాడు.

నువ్వు ఆఫీసుల్లో మాట్లాడే తీరు నాకు తెలుసు. ఒకసారి పని అవుతుంది, పదిసార్లు చెడుతుంది. పర్మిషన్లూ మేస్త్రీలూ మగవాళ్ల తలనొప్పి. లింగమూర్తి ఆ దారులన్నీ తిరిగినవాడు. మన వరుసలోనే మూడిండ్లు కొని బాగు చేయించి అమ్మాడు కదా. పగ్గాలు అతనికిచ్చి నువ్వు నిమ్మళంగా ఉండు.

తూర్పు దర్వాజ సంగతి నీ ఇష్టం. ఆ దక్షిణం దర్వాజ మూసేస్తేనే మంచిది. నేను దెబ్బ తిన్న రోజు నువ్వు అందులో ఎట్లా నిలబడ్డావో తర్వాత ఇరుగుపొరుగువాళ్లు చెప్పగా విన్నాను. అట్లా నిలబడే పని నీకు మళ్లీ రాకూడదని నా కోరిక.

ఇక్కడ అంతా బాగుంది. పని తేలిక. వచ్చేటప్పుడు బట్టల సబ్బు నాలుగు బిళ్లలు ఎక్కువ తీసుకురా, ఇక్కడ తొందరగా అరిగిపోతోంది. ఎండకు జాగ్రత్త.

నీ రాక కోసం ఎదురుచూస్తూ,
నీ సామ్యేల్

*

గోదావరిఖని,
20 జూన్ 1974

ప్రియమైన దొరగారికి,

వందనాలు. పగ్గాలు లింగమూర్తికి ఇవ్వమన్నారు. ఆయన అడగకుండానే అందుకున్నాడు, వినండి.

నేను చర్చికి వెళ్లి వచ్చేసరికి బుచ్చన్న తూర్పు గోడకు నిలువెత్తు బొక్క కొట్టి పెట్టాడు. "పర్మిషన్ రాకముందుకే ఎందుకు పలగ్గొట్టినవు?" అని అడిగితే, "వస్తదన్నరు గదమ్మా" అన్నాడు. ఎవరన్నారంటే చేతిలో తాపీని తిప్పుతూ నిలబడ్డాడు. మర్నాడే పంచాయతీ నుంచి పని ఆపమని కాయితం వచ్చింది. ఎవరో ఫిర్యాదు చేశారట. ఆ మర్నాటి నుంచి బుచ్చన్న లేడు. ఎరువుల ఫ్యాక్టరీ కట్టే దగ్గరికి పోయాడట. ఊళ్లో తాపీ పట్టిన ప్రతివాడూ అక్కడే ఉన్నాడిప్పుడు.

పెంకు సగం కప్పారు, సగం ఆకాశం. గోడకున్న బొక్కకు గోనెసంచులు కుట్టి కట్టాను. గాలి వస్తే అవి ఊగుతాయి, కుక్కలు తల పెట్టి చూసిపోతాయి. నేను రోకలి పక్కన పెట్టుకుని పడుకుంటున్నాను. నవ్వకండి. మీరు లేని ఇంట్లో అదే నాకు తోడు.

పంచాయతీ ఆఫీసుకు పోతే ఇంటి పన్ను రసీదు తెమ్మన్నారు, ఇచ్చాను. నక్షా గీయించి తెమ్మన్నారు, తెచ్చాను. పక్కింటివాళ్ల ఒప్పుదల కావాలన్నారు. పక్కింటి పూలమ్మక్క నాతోపాటు నడిచి వచ్చి, "నాకేం అడ్డం లేదు, రాసుకోండ్రి" అని గుమాస్తా ముందే చెప్పింది. ఇప్పుడేమో కమిటీ కూర్చోవాలంటున్నారు. వాళ్లు ఎప్పుడు కూర్చుంటారో వాళ్లకే తెలియదు.

ఈ నడుమ లింగమూర్తి ఇంటికి వచ్చి నా కష్టం చూసి చాలా బాధపడ్డాడు. "దక్షిణం ఇల్లు, పర్మిషన్ లేని బొక్క. ఎవడు ముట్టుకుంటడు చెల్లె. నువ్వు ఒంటరి మనిషివి. ఇచ్చింది తీసుకొని బావ దగ్గరికి పో, నేనే ఎట్లనో సర్దుకుంట" అన్నాడు. ఆయన చెప్పిన ధర వింటే మీకు మీ కాలు నొప్పి గుర్తుకు రాదు. ఛాయ కూడా పోయకుండా పంపించాను.

ఒకటి అడగాలి. ఒక్క షిఫ్టుకు ఎన్ని దీపాలు ఇస్తారు మీరు? ఎవరి దీపమైనా తిరిగి రాకపోతే ముందు తెలిసేది మీకేనట కదా. ఆ గది ఎట్లా ఉంటుందో ఒక్కసారైనా రాయలేదు.

గోనెసంచుల వెనక నుంచి,
మీ సుగుణమణి

*

కొత్తగూడెం,
16 జులై 1974

ప్రియమైన సుగుణకు,

నీ ఉత్తరం చదివి నాకు అన్నం సహించలేదు. బొక్క పడిన ఇంట్లో ఒక్కదానివే రోకలి పట్టుకుని పడుకోవడం ఏమిటి? ఆ ధరకే లింగమూర్తికి ఇచ్చేసి బయలుదేరు. ఇల్లు పోతే పోయింది. చెమటోడ్చి కట్టింది నేనే, పోనిమ్మంటున్నదీ నేనే. నువ్వెందుకు అంత పట్టుదల పడతావు?

నువ్వు లేక నాకు ఇక్కడ ఏమీ తోచడం లేదు. ఆగయ్య వండే పప్పు ఏ రోజూ ఉడకదు. నిన్న ఇక్కడ పొద్దంతా పెద్ద వాన కొట్టిందట. డ్యూటీ దిగి బయటికి వచ్చి చూస్తే మోకాళ్లలోతు నీళ్లు. నీ సగం పెంకుటిల్లే గుర్తొచ్చింది.

దీపాల గది గురించి రాయడానికేముంది, గది గదిలాగానే ఉంటుంది. ఇట్లాంటివి అడగడం మాని ముందు రైలెక్కు.

నీ సామ్యేల్

*

గోదావరిఖని,
8 సెప్టెంబరు 1974

ప్రియమైన దొరగారికి,

వందనాలు. మీ మాట వినలేదు. రైలెక్కలేదు. రామగుండం పోయే బస్సెక్కి, ఫ్యాక్టరీ కట్టే దగ్గర మేస్త్రీలు వేసుకున్న గుడిసెల ముందు కూర్చున్నాను. అన్నం వేళకు బుచ్చన్న వచ్చి నన్ను చూసి వెనక్కి తిరగబోయాడు. "ఉరకకు బుచ్చన్నా. నీ మీద కేసు పెట్ట రాలే. నీ ఇంటామె బాలింతయినప్పుడు జావ కాసి పోసింది నేను. నిజం చెప్పు, పోత" అన్నాను.

చెప్పాడు. గోడ పలగ్గొట్టమన్నది లింగమూర్తి. ఫిర్యాదు చేసిందీ లింగమూర్తే. మన వరుసలో ఆయన కొన్న మూడిండ్లకూ ఇదే తీరు. పర్మిషన్ రాక, పని నడవక అమ్ముకునేవాళ్లు విసిగిపోతారు. ఈయన అగ్గువకు కొంటాడు. కొన్న వారంలో పర్మిషన్ వస్తుంది. బుచ్చన్నే పోయి తూర్పు దర్వాజ పెడతాడు. ఫ్యాక్టరీకి కొత్తగా వస్తున్న ఆఫీసర్లకు మంచి ధరకు అమ్ముతాడు. మీరు మెచ్చుకున్న తెలివి ఇదే.

"మరి నువ్వెందుకు ఒప్పుకున్నవు?" అంటే బుచ్చన్న, "ఆయన గుత్తలు ఇయ్యకపోతే నాకు పనేడిదమ్మా" అన్నాడు. "ఇప్పుడు ఫ్యాక్టరీల ఉన్నది గదా పని. ఇంకెవలకు భయపడుతున్నవు?" అన్నాను. ఆదివారం తాపీ పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

కమిటీ కూర్చున్న రోజు నేనూ పోయి కూర్చున్నాను. ఆడవాళ్లు ఎవరూ లేరు. నా వంతు వచ్చేదాకా ఆగలేదు. "నా వరుసల మూడిండ్లకు తూర్పు దర్వాజలు వచ్చినయి. వాటికి ఏ లెక్కన ఇచ్చిండ్రో నాకూ గదే లెక్కన ఇయ్యుండ్రి" అన్నాను. లింగమూర్తి నవ్వి, "ఆ ఇండ్ల సంగతి వేరు చెల్లె" అన్నాడు. "ఎట్ల వేరు? ఆడ సూర్యుడు వేరే దిక్కున పొడుస్తడా?" అన్నాను. కమిటీవాళ్లు తర్వాతి కాయితం అందుకోబోయారు. అప్పుడు, "నా దరఖాస్తు నాకు వాపసియ్యుండ్రి. మీ పర్మిషన్ నాకక్కర లేదు" అన్నాను. "మరి గా బొక్క?" అన్నాడాయన. "కిటికీ పెట్టుకుంట. కిటికీకి గూడ పర్మిషన్ కావాల్నా?" అని గుమాస్తాను అడిగాను. "కిటికీకి అక్కర లేదమ్మ" అని ఆయన నోరు జారాడు. లింగమూర్తి ఆయన వైపు చూసిన చూపు మీరు చూడవలసింది.

"కిటికీల నుంచి ఇంట్లకు మనుషులొస్తరా? దక్షిణం దర్వాజ ఇల్లు ఎవడు కొంటడో నేను చూస్త" అన్నాడు. "చూడుండ్రి. మీ ఇల్లు ఎన్కనే గదా, మంచిగ కనబడ్తది" అని చెప్పి వచ్చాను.

ఇప్పుడు తూర్పున పెద్ద కిటికీ ఉంది. పొద్దున్నే ఎండ వంటింటి దాకా వస్తోంది. పెంకు కప్పడం అయింది, గిలాబు అయింది. దక్షిణం దర్వాజను మూయలేదు. బుచ్చన్నతో చెక్క చిత్రిక పట్టించి, కొత్త గడప వేయించి, ఆకుపచ్చ రంగు కొట్టించాను. వీధి మొగలో నిలబడినా కనబడుతుంది.

దెబ్బ తిన్న రోజు సంగతి మీరు రాశారు కాబట్టి చెబుతున్నాను. చక్రం ఆగినప్పుడు బియ్యం ఏరుతున్నాను. తర్వాత అది ఎప్పుడూ చూడనంత నెమ్మదిగా తిరిగింది. అది చూసే, తెస్తున్నది దెబ్బ తగిలిన మనిషిని అని తెలిసి, ఎవరూ వచ్చి చెప్పకముందే బాయి గేటు దగ్గర ఉన్నాను. మీకు తెలివి వచ్చేసరికి మీ తల నా ఒళ్లో ఉంది. అట్లా ఉండనిచ్చింది ఈ దర్వాజే. దీన్ని యమస్థానం అన్నవాళ్ల మాట విని మూయబోయినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

కొనేవాళ్లు రాకపోతే రాకపోనీ. లింగమూర్తికి మాత్రం ఇవ్వను.

మీ మొండి సుగుణమణి

*

కొత్తగూడెం,
25 సెప్టెంబరు 1974

ప్రియమైన సుగుణకు,

నీతో వాదించి గెలిచినవాడు లేడు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. లింగమూర్తి ముఖం నేనూ చూసి ఉంటే బాగుండేది.

ఒక మంచి మాట. నాకు క్వార్టరు మంజూరైంది. బాయి ఎదుటి లైనులో ఒకటి, ఊరి చివర చెట్ల మధ్య ఒకటి, రెంటిలో ఏది కావాలంటే చెట్ల మధ్యదే తీసుకున్నాను. నాకు నడక కొంచెం ఎక్కువవుతుంది గానీ నీకు హాయిగా ఉంటుంది. మసి పడదు. బాయి చప్పుడు వినబడదు, ఏమీ కనబడదు. పన్నెండేళ్లు చూసింది చాలు.

తొందరగా రా.

నీ సామ్యేల్

*

గోదావరిఖని,
19 అక్టోబరు 1974

ప్రియమైన సామ్యేల్ గారికి,

పెండ్లయినప్పటి నుంచి మీ పేరు నేను రాయలేదు. ఇవాళ రాశాను. ఎందుకో చివర తెలుస్తుంది.

ఇల్లు అమ్మాను. మనం అనుకున్న ధరకే. ముత్యం తెచ్చిన బేరం కాదు. కొన్నది మన బాయిలో కొత్తగా పనిలో చేరిన సదయ్య, అతని భార్య సారవ్వ. వీధిలో నడిచిపోతూ ఆకుపచ్చ దర్వాజ చూసి ఆగిందట ఆ పిల్ల. లోపలికి రమ్మన్నాను. గచ్చు చూడలేదు, కిటికీ చూడలేదు, నేను అంత కొట్లాడి తెచ్చిన సిమెంటు వైపు కన్నెత్తి చూడలేదు. గడప మీద నిలబడి వెనక్కి తిరిగి, "అక్కా, ఈడికెళ్లి చూస్తే కనబడే చక్రం మా ఆయన దిగే బాయిదేనా?" అని అడిగింది.

అవునన్నాను. "మంది దక్షిణం దర్వాజ అంటరు, నీకు పట్టింపు లేదా?" అని కూడా అడిగాను, దాచి అమ్మడం నాకు ఇష్టం లేదు. "మా అత్త అన్నది. యముడు ఏ దిక్కుకెళ్లి వస్తడో ఎవరికెరుక అక్క. నా మనిషి దిగింది గీ దిక్కున. అది కండ్ల ముందట ఉంటే నాకు చాలు" అన్నది. నాకు కండ్లల్లో నీళ్లు తిరిగాయి. లింగమూర్తి తన పెరట్లో నిలబడి చూస్తూనే ఉన్నాడు. చూస్తానన్నాడు కదా, చూశాడు.

నిన్న కాయితాల మీద సంతకాలు. పొద్దంతా వాన. సారవ్వ ముందే వచ్చి కూర్చుంది. సదయ్య డ్యూటీ దిగి నేరుగా వచ్చి, బురద కాళ్లు చూసుకుంటూ, "వాన ఎప్పుడు కొట్టింది?" అని అడిగాడు. సారవ్వ నవ్వి, "బాయిల ఉన్నోనికి వాన సంగతి ఏమెరుక అక్క" అన్నది.

నేను నవ్వలేకపోయాను. వాళ్లు పోయాక మీ జులై ఉత్తరం తీసి చదివాను. పొద్దంతా వాన కొట్టిందట, బయటికి వచ్చి చూస్తే నీళ్లు. పైన దీపాల గదిలో కూర్చున్న మనిషికి, పొద్దంతా నెత్తి మీద పడిన వాన ఎట్లా తెలియదు? దీపాలు పంచేవాడి చొక్కాలకు అంత సబ్బు ఎందుకు? ఎన్ని దీపాలు ఇస్తారని అడిగితే గది గదిలాగా ఉంటుందని ఎందుకు రాశారు? చెట్ల మధ్య క్వార్టరు ఎందుకు తీసుకున్నారో కూడా ఇప్పుడు అర్థమైంది. మీరు మళ్లీ కిందికి దిగుతున్నారు. ల్యాంపు రూము దొర అని ఇంక ఎట్లా రాయను, అందుకే మీ పేరు రాశాను. ఎవరిని బతిమాలి కాలు బాగుందని రాయించుకున్నారో నాకు తెలియదు. నాకు తెలియకూడదనే నన్ను చెట్ల మధ్య పెట్టాలనుకున్నారు.

మొదట చాలా ఏడ్చాను. తర్వాత చాలా కోపం వచ్చింది. ఇప్పుడు రెండూ పోలేదు గానీ, రాయగలుగుతున్నాను.

మీరు ఎందుకు దిగారో నాకు తెలుసు. మీ తోటి పనివాళ్లు, మీ జోడీలు కిందికి పోతుంటే వాళ్ల చేతికి దీపం ఇచ్చి పైన కూర్చోవడం మీ వల్ల కాదు. పెండ్లినాటి నుంచి చూస్తున్నాను మిమ్మల్ని. దిగవద్దని కొట్లాడను, ఆ కొట్లాటలో నేను గెలిచినా మీరు ఓడిపోయి బతుకుతారు. కానీ చూడవద్దని మీరు నాతో కొట్లాడితే మాత్రం ఊరుకోను. తెలియకుండా ఉంచితే నాకు హాయి అనుకున్నారా? నేను చక్రం చూసింది భయపడుతూ కూర్చోవడానికి కాదు. అది ఆగితే అందరికంటే ముందు మీ దగ్గర ఉండాలని చూశాను.

ఆ చెట్ల మధ్య క్వార్టరు వాపసు ఇచ్చేయండి. బాయి ఎదుటి లైనులోది అడగండి. మసి పడితే పడనీ, చప్పుడైతే కానీ. అది వేరేవాళ్లకు ఇచ్చామంటే ఆ పక్కది అడగండి. అడగడానికి మీకు మొహమాటమైతే దరఖాస్తు నేనే పెడతాను. ఆఫీసుల్లో నేను మాట్లాడే తీరు మీకు తెలుసు కదా.

వచ్చే గురువారం రైలుకు వస్తున్నాను. సబ్బులు తెస్తున్నాను. ముందు ఆ ఇంటి దర్వాజలో నిలబడి చూస్తాను. చక్రం కనబడితేనే బండి మీది సామాను దింపిస్తాను.

మీరు తీసుకుపోయే దీపం రోజూ మీ చేతులతోనే తిరిగి రావాలని ప్రార్థిస్తూ,
మీ సుగుణమణి